మూడో బిడ్డ ఎవరి లెక్క?

2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు ఒక ప్రకటన చేశారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే ఆ బిడ్డ పేరిట తన జీతంలోంచి 50 వేల రూపాయలు డిపాజిట్ చేస్తానన్నారు. మగపిల్లవాడు పుడితే ఆవును ఇస్తానన్నారు. చూస్తుండగానే ఆ మాట టీవీ ఛానెళ్లకు, వాట్సాప్ గ్రూపులకు ఎక్కింది. మంచి ఆలోచనే అన్నవాళ్లు ఉన్నారు, ఆవేమిటని అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ మూడో బిడ్డను తొమ్మిది నెలలు మోసి, కని, ఆ తర్వాత ఏళ్ల తరబడి వాడి వెంటో దాని వెంటో తిరగాల్సిన మనిషి ఏమనుకుంటోందన్నది మాత్రం ఆ చర్చలో పెద్దగా వినపడలేదు.

ఇదే నేల మీద ముప్ఫై ఏళ్ల కిందట ప్రభుత్వం సరిగ్గా దీనికి ఎదురు మాట చెప్పింది. మూడో బిడ్డను కంటే వార్డు మెంబరు పదవికి కూడా పనికిరావంది. ఆ మాట వింటూ పెరిగిన ఆడపిల్లలే ఇప్పుడు తల్లులై, ఈ కొత్త మాట వింటున్నారు. అప్పుడు వద్దన్నా, ఇప్పుడు కావాలన్నా లెక్క వేసింది ఆమె కాదు. స్త్రీవాదులు మాతృత్వం గురించి యాభై ఏళ్లుగా మాట్లాడుతున్నది ఈ సంగతినే.

అమెరికన్ కవయిత్రి ఆడ్రియన్ రిచ్ 1976లో మాతృత్వం మీద ఒక పుస్తకం రాశారు. బిడ్డతో తల్లికి ఉండే అనుబంధం, ఆమె ఒంటికీ మనసుకూ తెలిసిన అనుభవం ఒకటి. ఆ అనుభవం చుట్టూ మతం, చట్టం, వైద్యం, కుటుంబం కలిసి కట్టిన వ్యవస్థ మరొకటి. ఈ రెంటినీ విడదీసి చూడాలన్నది ఆమె వాదన. స్త్రీవాదులకు పిల్లలంటే గిట్టదని ఎవరో పుట్టించిన ప్రచారం ఇంకా తిరుగుతూనే ఉంది గానీ, అది నిజం కాదు. వాళ్ల తగువు బిడ్డతో కాదు, ఎప్పుడు కనాలో, ఎందరిని కనాలో, కన్నాక ఎలా బతకాలో తల్లి తరఫున తీర్పులు చెప్పే వ్యవస్థతో. తెలుగులో ఈ సంగతి కవిత్వంలోకి కూడా వచ్చింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ రాశాక పురిటి నొప్పి తెలుగు కవిత్వంలో పూజా వస్తువుగా మిగల్లేదు, ఒక మనిషి నొప్పిగా కనిపించింది.

గుమ్మం తెరిచి, గడియ పెట్టి

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్లకు దక్కాయి. అంతవరకు రచ్చబండ దగ్గరికి కూడా రాని ఆడవాళ్లు లక్షల సంఖ్యలో సర్పంచులు, వార్డు మెంబర్లు అయ్యారు. మన దేశంలో ఆడవాళ్ల రాజకీయ చరిత్రలో అంత పెద్ద మలుపు మరొకటి లేదు.

ఆ వెంటనే, 1994లో, ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. అందులో ఒక నిబంధన పెట్టారు. 1995 మే 30 తర్వాత ఇద్దరికి మించి బిడ్డలు కలిగినవాళ్లు పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులు. అప్పటికే నలుగురైదుగురు ఉన్నవాళ్లకు అడ్డేమీ లేదు. అంటే కాన్పులు అయిపోయిన పెద్దవాళ్లకు పరవాలేదు, ఇరవైల్లో ఉన్న కోడలికి మాత్రం పరీక్ష. పోటీకి కనీస వయసు 21 ఏళ్లు. మన ఊళ్లలో ఆడపిల్ల ఒళ్లో బిడ్డ ఉండే వయసూ అదే. ఎమ్మెల్యేకు, ఎంపీకి ఈ నిబంధన ఉండేది కాదు. అయిదుగురు పిల్లలున్నా శాసనసభకు వెళ్లే వీలుండేది, ఊరి పంచాయతీకి మాత్రం ఉండేది కాదు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ 2018లో తెచ్చుకున్న సొంత చట్టంలోనూ దీన్ని అలాగే ఉంచారు.

ఈ నిబంధన ఎలా పనిచేసేదో చూడాలంటే నామినేషన్ల పరిశీలన జరిగే గదికి వెళ్లాల్సింది. అభ్యర్థి తనకు ఎందరు పిల్లలో, ఎప్పుడు పుట్టారో రాసి ఇచ్చేది. ఎదుటి వర్గం ఒక కాగితం తీసేది. ఆసుపత్రి ఇచ్చిన జనన ధ్రువపత్రమో, బడిలో చేర్పించినప్పుడు రాసిన పుట్టినతేదీయో, రేషన్ కార్డులోని పేరో. ఈ మూడో పిల్ల ఎవరిదని అడిగేవారు. ఆడమనిషి కాన్పును దాచలేదు. ఊరందరికీ తెలుసు, నర్సమ్మకు తెలుసు, రిజిస్టర్లో ఉంది. మగవాడికైతే ఆ బిడ్డ నాది కాదని చెప్పే దారి ఒకటి ఎప్పుడూ తెరిచే ఉండేది.

ఇది ఊహించి రాస్తున్న మాట కాదు. భోపాల్‌లోని మహిళా చేతనా మంచ్ తరఫున నిర్మలా బుచ్ ఆంధ్రప్రదేశ్, హర్యానా, మధ్యప్రదేశ్, ఒడిశా, రాజస్థాన్‌లలో ఈ నిబంధన ఫలితాలను అధ్యయనం చేశారు. భార్యను వదిలేసిన మగవాళ్లు, బిడ్డ తనది కాదన్నవాళ్లు, పుట్టిన బిడ్డను దత్తత పేరుతో ఇతరులకు ఇచ్చేసినవాళ్లు, పదవి కోసం చేయించిన గర్భస్రావాలు ఆ అధ్యయనంలో బయటపడ్డాయి. పదవి పోయినవాళ్లలో దళితులు, ఆదివాసులు, పేదలు ఎక్కువ. మూడో కాన్పు చాలా ఇళ్లలో మగపిల్లవాడి కోసమే జరుగుతుంది. ఆ నిర్ణయం అత్తగారిది, మొగుడిది, వాళ్ల బంధువులది. శిక్ష వచ్చి పడేది సర్పంచ్ కుర్చీలో కూర్చున్న ఆమె మీద.

హర్యానాలో ఇలాంటి చట్టాన్ని సవాలు చేస్తూ వచ్చిన జావేద్ కేసులో సుప్రీంకోర్టు 2003 జులైలో నిబంధనను సమర్థించింది. బిడ్డల విషయంలో ఆడవాళ్లకు స్వతంత్ర నిర్ణయం ఉండదన్న వాదన కోర్టు ముందుకు వచ్చింది. ఈనాటి ఆడవాళ్లు ఇష్టం లేకుండా మూడో బిడ్డను కనేంత నిస్సహాయులు కారని కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వాక్యం రాసిన గదికీ, ఊళ్లో ఆమె పడుకునే గదికీ మధ్య చాలా దూరం ఉంది. 2018 అక్టోబరులో ఒడిశాకు చెందిన ఒక సర్పంచ్ కేసు కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడో బిడ్డను దత్తత ఇచ్చేసినా అనర్హత పోదని కోర్టు చెప్పింది. పదవికి అర్హత కోసం బిడ్డను ఇచ్చేసే పరిస్థితి ఎందుకు వచ్చిందన్న ప్రశ్న అక్కడ తేలలేదు.

గోడ మీద రాతలు

ఇద్దరు చాలన్న మాటను చట్టం కంటే ముందే ప్రచారం జనంలోకి తీసుకెళ్లింది. ఎర్ర త్రికోణం గుర్తు, చిన్న కుటుంబం చింత లేని కుటుంబం అన్న నినాదం బస్సుల వెనక, ఆసుపత్రి గోడల మీద, సినిమాకు ముందు వేసే ప్రకటనల్లో కనిపించేవి. బొమ్మలో నవ్వుతూ భార్యాభర్తలిద్దరూ ఉండేవారు. ఆపరేషన్ బల్ల మీదికి మాత్రం ఒక్కరే వెళ్లారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశంలోకెల్లా ఎక్కువ. మగవాళ్లకు చేసే వేసక్టమీ ఒక్క శాతం కూడా లేదు. వేసక్టమీ చిన్న పని, తేలిక పని అని డాక్టర్లంతా చెబుతారు. అయినా మగవాడు బరువులు ఎత్తలేడేమోనన్న భయంతో అతన్ని వదిలేసి, మొన్ననే సిజేరియన్ అయిన ఆమెను మళ్లీ పంపడం మనకు అలవాటైపోయింది.

హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం ఈ అలవాటును ముందే పట్టుకుంది. 1980ల నడుమ పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పేద స్త్రీల మీద పరీక్షిస్తున్నారని తెలిసి ఆ కార్యకర్తలు అక్కడికి వెళ్లారు. ఇది ఇంకా పరీక్షలో ఉన్న మందని, దాని వల్ల వచ్చే ఇబ్బందులు ఇవని ఆ స్త్రీలకు సరిగ్గా చెప్పలేదన్నది వాళ్ల అభియోగం. ఢిల్లీలోని మహిళా సంఘం సహేలీతో కలిసి 1986లో సుప్రీంకోర్టులో కేసు వేశారు. వాళ్లు కుటుంబ నియంత్రణకు ఎదురు తిరగలేదు. ఆమె ఒంటి మీద ఏం చేస్తున్నారో ముందు ఆమెకు చెప్పమన్నారు.

ప్రచారం ఫలించింది. అదే సర్వేలో ఒక స్త్రీకి సగటున కలిగే బిడ్డల సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కి తగ్గింది. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. ఇప్పుడు ప్రభుత్వానికి దిగులు మొదలైంది. ముసలివాళ్లు పెరుగుతున్నారు, పనిచేసే చేతులు తగ్గుతాయి. దాంతోపాటు ఇంకో లెక్క ఉంది. లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా లెక్కల మీద ఆగి ఉంది. 2026 తర్వాతి జనగణన ఆధారంగా దాన్ని మళ్లీ కదిలిస్తే, జనాభా అదుపు చేసుకున్న దక్షిణాది వెనకబడుతుందన్న భయం. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనమన్నారు. ఇద్దరికి మించి ఉన్నవాళ్లే స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందనీ అన్నారు. ఆ రోజుల్లోనే తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ఒక సామూహిక వివాహ వేడుకలో పదహారు మందిని కంటే ఏం అన్న ధోరణిలో మాట్లాడారు.

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇద్దరు పిల్లల నిబంధనను రద్దు చేసింది. 2025లో తెలంగాణ మంత్రివర్గం కూడా దాన్ని ఎత్తేయాలని నిర్ణయించింది. ఆ రద్దు కోరదగినదే, ముప్ఫై ఏళ్లు ఆలస్యమైంది. కానీ అది ఎందుకు జరిగిందో గమనించాలి. ఆడవాళ్లకు జరిగిన అన్యాయం చూసి రద్దు చేయలేదు. జనాభా లెక్క మారింది కాబట్టి రద్దు చేశారు. రేపు లెక్క మళ్లీ మారితే నిబంధనా మళ్లీ రావచ్చు.

కెమెరా ఏం అడుగుతుంది

2016 జులైలో హైదరాబాదీ టెన్నిస్ తార సానియా మీర్జా తన ఆత్మకథ విడుదలైన సందర్భంగా ఒక జాతీయ ఛానెల్‌కు ఇంటర్వ్యూ ఇచ్చారు. అప్పటికామె డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచి ఉన్నారు. ఎప్పుడు స్థిరపడతారు, తల్లి కావడం సంగతేమిటి అని యాంకర్ అడిగారు. నంబర్ వన్‌గా ఉండటం కంటే తల్లి కావడాన్ని ఎంచుకోనందుకు మీరు నిరాశపడ్డట్టున్నారే అని సానియా నిలదీశారు. ఆ యాంకర్ అక్కడికక్కడే క్షమాపణ చెప్పారు. సానియాకు 2018లో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో మళ్లీ కోర్టులోకి దిగి హోబర్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలిచారు. రెండూ ఆమె అనుకున్నప్పుడే జరిగాయి.

2017 ఆగస్టులో న్యూజిలాండ్‌లో జసిండా ఆర్డెర్న్ లేబర్ పార్టీ నాయకురాలయ్యారు. కొన్ని గంటలు గడిచాయో లేదో టీవీలో పిల్లల ప్రశ్న వచ్చింది. మర్నాడు పొద్దున మరో కార్యక్రమంలో, ఆడమనిషికి ఉద్యోగం ఇచ్చేముందు ఈ సంగతి తెలుసుకునే హక్కు యజమానికి ఉందని ఒకాయన అన్నారు. 2017లో కూడా ఈ మాట అనడం ఒప్పుకోలేనిదని ఆమె అక్కడే గట్టిగా చెప్పారు. ప్రధాని అయ్యాక 2018 జూన్ 21న బిడ్డను కని, ఆరువారాల సెలవు తీసుకుని తిరిగి పనిలోకి వచ్చారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. 1990 జనవరిలో పాకిస్తాన్ ప్రధానిగా ఉండగానే తల్లి అయిన బెనజీర్ భుట్టోకు ఆ వీలు లేదు. ఆమె గుట్టుగా ఆసుపత్రికి వెళ్లారు. కాన్పయిన మర్నాడే ప్రభుత్వ ఫైళ్లు చదివి సంతకాలు చేశానని తర్వాత ఆమే చెప్పుకున్నారు. తల్లి అయితే పదవికి పనికిరాదంటారన్న భయం ఒక దేశ ప్రధానిని కూడా పురిటి మంచం మీదినుంచి లేపింది.

చంటిబిడ్డతో సభకు వచ్చిన శాసనసభ్యురాలి ఫొటో అంటే పత్రికలకు చాలా ఇష్టం. 2022 డిసెంబరులో మహారాష్ట్ర ఎమ్మెల్యే సరోజ్ అహిరే రెండున్నర నెలల బిడ్డనెత్తుకుని నాగపూర్ సమావేశాలకు వస్తే దేశమంతా ఆ ఫొటో చూసింది. కొద్ది నెలలకే, ముంబై సమావేశాల్లో, బిడ్డకు పాలిచ్చేందుకు కేటాయించిన గది దుమ్ముకొట్టుకుని ఉందని ఆమె ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. ఫొటో మొదటి పేజీలో వచ్చింది, గదిలో దుమ్ము అలాగే ఉంది. 2019లో కెన్యా పార్లమెంటులో సభ్యురాలు జులేఖా హసన్‌ను అయిదు నెలల బిడ్డతో వచ్చినందుకు సభనుంచే బయటికి పంపేశారు. తల్లిని మెచ్చుకోవడం సులువు. ఆమెకు ఒక గదీ, ఒక ఆయా, పని వేళల్లో కాస్త వెసులుబాటూ ఇవ్వడానికి మాత్రం ఖర్చవుతుంది.

తల్లి అన్న మాటకు రాజకీయ బలం లేదని కాదు. మన దగ్గర దానికి గొప్ప ఉదాహరణ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న పాఠం ఆడవాళ్లు ఏకమైతే ఏం చేయగలరో చెప్పింది. వాళ్లు నిజంగానే ఏకమయ్యారు, సారా దుకాణాలు మూయించారు, వేలంపాటలు ఆపించారు. ‘ఈనాడు’ వంటి పత్రికలు రోజూ ఆ వార్తలకు చోటిచ్చి ఉద్యమాన్ని రాష్ట్రమంతా తీసుకెళ్లాయి. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారా నిషేధించక తప్పలేదు.

అయితే ఆ ఆడవాళ్లను పత్రికలు, పార్టీలు ఎలా చూపించాయో స్త్రీవాదులు తర్వాత విడమరిచారు. హైదరాబాద్‌లో పనిచేసిన సూసీ తారు, తేజస్విని నిరంజన 1994 నాటి ఒక వ్యాసంలో దీన్ని చర్చించారు. సంసారం నిలబెట్టుకోవడానికి గడప దాటిన తల్లులుగా, కోపమొచ్చిన అమ్మవార్లుగా వాళ్లను చిత్రించడం జరిగింది. ఊళ్లో ఆ ఆడవాళ్లు అడిగిన ప్రశ్నలు ఇంతకంటే పదునైనవి. మా ఊరికి మంచినీళ్లు రావు గానీ సారా ప్యాకెట్లు ఎలా వస్తున్నాయని అధికారులను అడిగారు. కూలిడబ్బులు ఎక్కడికి పోతున్నాయో, ప్రభుత్వ ఖజానాకు ఎంత చేరుతోందో వాళ్లకు లెక్క తెలుసు. అది రాజకీయ ఉద్యమం. వాళ్లను ఉత్త తల్లులుగా చూపిస్తే, నిషేధం రాగానే ఇక ఇళ్లకు వెళ్లమ్మా అనడం తేలికవుతుంది. జరిగింది కూడా చాలావరకు అదే. 1995లో ఎన్టీఆర్ తెచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో ఎత్తేసినప్పుడు ఆ ఆడవాళ్లను అడిగినవాళ్లు లేరు.

పిల్లల్ని బడికి పంపినందుకు తల్లి ఖాతాలో డబ్బు వేసే పథకాలు ఆంధ్రప్రదేశ్‌లో రెండు ప్రభుత్వాలూ నడిపాయి. 2020లో మొదలైనది ‘అమ్మ ఒడి’, 2025లో వచ్చింది ‘తల్లికి వందనం’. ఆ డబ్బు ఆమె చేతికి రావడం మంచిదే, కాదనలేం. బిడ్డ చదువు బాధ్యత తల్లిదేనన్న అర్థం పథకం పేరులోనే స్థిరపడిపోవడం మాత్రం ఆలోచించాల్సిన విషయం. 2019 కేంద్ర ప్రభుత్వ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలో ఉన్నారు. ఆ పని చేసే మగవాళ్లు ఉన్నది 97 నిమిషాలు. మూడో బిడ్డ వస్తే పెరిగే నిమిషాలు ఎవరివో చెప్పనక్కర్లేదు.

ఎంపీ ఆవు మాట అన్న 2025 మార్చిలోనే ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో రెండు నిర్ణయాలు వెలువడ్డాయి. ఎన్నో కాన్పన్నది చూడకుండా ప్రభుత్వ ఉద్యోగినులకు ప్రసూతి సెలవు ఇస్తామని ముఖ్యమంత్రి ప్రకటించారు. ఆశా కార్యకర్తలకు మాత్రం 180 రోజుల జీతంతో కూడిన సెలవు మొదటి రెండు కాన్పులకే అన్నారు. గర్భిణుల పేర్లు రాసుకుని, ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్లి, బాలింతల ఇళ్లకు తిరిగేది ఆశాలే. అంతవరకు వాళ్లకు ఆ సెలవే లేదు కాబట్టి రెండు కాన్పులకైనా వచ్చినందుకు సంతోషించాలి. ఎక్కువమందిని కనమని పిలుపిస్తున్న ప్రభుత్వమే, ఆ కాన్పుల భారం మోసే మనిషి దగ్గరికి వచ్చేసరికి రెండు దగ్గర ఆగిపోయింది.

పిల్లల్ని కనమని ఆజ్ఞాపించిన దేశాల కథ తెలిసిందే. రుమేనియాలో నియంత చౌషెస్కూ 1966లో గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించాడు. మరుసటి ఏడాది జననాలు దాదాపు రెట్టింపై, తర్వాత మళ్లీ తగ్గుతూ వచ్చాయి. చాటుమాటు గర్భస్రావాల్లో వేలమంది తల్లులు పోయారు, అనాథాశ్రమాలు నిండిపోయాయి. 1989లో అతను కూలిన వెంటనే ఆ శాసనమూ పోయింది. బలవంతం లేకుండా డబ్బు గుమ్మరించిన దక్షిణ కొరియాలో 2023లో ఒక స్త్రీకి కలిగే బిడ్డల సగటు 0.72కు పడిపోయింది. పని గంటలు, పిల్లల పెంపకం, ఇంట్లో మగవాడి వాటా మారకుండా నగదు ఇస్తే ఆడవాళ్లు నమ్మడం లేదు.

2025 మేలో తమిళనాడు ఉపాధ్యాయురాలు ఒకరి కేసులో సుప్రీంకోర్టు, ప్రసూతి సెలవు స్త్రీ పునరుత్పత్తి హక్కుల్లో భాగమని చెప్పింది. మూడో బిడ్డ పేరు చెప్పి దాన్ని నిరాకరించడం కుదరదని ఆమెకు సెలవు ఇప్పించింది. కోర్టు మాట అక్కడి దాకా వచ్చింది. రాజకీయాల మాటే ఇంకా రావాలి. ఈసారి పంచాయతీకో శాసనసభకో ఓటడగడానికి వచ్చినవాళ్లు ఎక్కువమంది పిల్లల్ని కనమంటే, ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి నాలుగు ప్రశ్నలు అడగాలి. కూలికి వెళ్లే తల్లి తిరిగొచ్చేదాకా బిడ్డను చూసే శిశు సంరక్షణ కేంద్రం మన ఊళ్లో ఎప్పుడు పెడతారు? కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లే అవుతున్న తెలంగాణలో ఆ కోతల గురించి ఏం చేస్తారు? ఆపరేషన్‌కు మగవాళ్లను ఎప్పుడు పిలుస్తారు? ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి బిడ్డ పుట్టినప్పుడు సెలవిచ్చే చట్టం ఎప్పుడు తెస్తారు? ఆ చట్టం ఈ దేశంలో ఇంకా లేదు.